నువ్వులగెడ్డ బడిలో లీకేజీ

ఏమయ్యా పెద్దమనిషీ, నిన్నే. అటూ ఇటూ చూడకు, నీ వెనక ఎవరూ లేరు. డిగ్రీ చదివినవాడివి, కరెంటు బిల్లులో తప్పు పట్టుకున్నవాడివి, కూరగాయలవాడి తక్కెడ కిందకి వంగి చూసేవాడివి. నిన్నెవడూ బోల్తా కొట్టించలేడని నీకు గట్టి నమ్మకం. మంచిదే. అయితే ఒక పందెం వేసుకుందాం. ఈ కథలో బోల్తాపడేవాళ్ళు ఎందరో వేళ్ళు ముడుచుకుంటూ రా. చివర్లో లెక్క సరిపోతే నీకు వేడివేడి మిరపకాయ బజ్జీలు నాలుగు. సరిపోకపోతే నువ్వేమీ ఇవ్వక్కర్లేదు. తలొంచుకుని వెళ్ళిపోతే చాలు.

నువ్వులగెడ్డలో తవిటినాయుడని ఒకడున్నాడు. జీడిపప్పు ఫ్యాక్టరీ గేటు ముందు బజ్జీల బండి అతనిది. నాలుగో తరగతిలో పంతులు భాగహారం మొదలుపెట్టిన రోజున నీళ్ళు తాగొస్తానని బయటికి వెళ్ళి, యాభై ఏళ్ళొచ్చినా ఇంకా తిరిగి రాలేదు. చదువు అక్కడ ఆగింది గానీ బుర్ర ఆగలేదు. ఒకసారి బస్టాండు రేకుకి ‘రేపు పది గంటలకు ఏనుగు ఇక్కడ ఆగును’ అని అట్టముక్క కట్టాడు. మర్నాడు సగం ఊరు అరటిపళ్ళతో నిలబడింది. బడి హెడ్మాస్టరు లోకనాథం గారైతే పిల్లల్ని వరసలో నిలబెట్టి, ఏనుగు వస్తే నమస్కారం ఎలా పెట్టాలో నేర్పించారు కూడా. పదింటికి ఏనుగు రాలేదు, తవిటినాయుడి బండి వచ్చింది. ఎండలో ఆకలేసి ఉన్నారేమో, బజ్జీలు మిగల్లేదు. (వాళ్ళని మన పందెం లెక్కలో వేసుకోకు, అది పాత సంగతి.) ఊరందరినీ అతను ఏదో ఒక రోజున బోల్తా కొట్టించినవాడే. అతన్ని మాత్రం ఎవరూ కొట్టించలేదు. ఆ సంగతి అతనే రోజుకి రెండుసార్లు చెప్పుకునేవాడు.

అలాంటివాణ్ణి బడి యాజమాన్య కమిటీకి చైర్మన్ని చేశారు. సంతకం వచ్చు, మీటింగుకి బజ్జీలు తెస్తాడు, ఇంకేం కావాలి.

ఆ బడిలో నలభై ముగ్గురు పిల్లలు. అయిదు తరగతులకీ లోకనాథం గారొక్కరే. ఆయనకి పాఠం చెప్పే తీరిక లేదు, పాఠాలు చెప్పినట్టు పైకి పంపాల్సిన కాగితాలు నింపడంతోనే సరిపోయేది. పిల్లల తల్లులు చాలామంది ఫ్యాక్టరీలో జీడిగింజలు కొట్టేవాళ్ళు. జీడి నూనె అంటి వాళ్ళ వేళ్ళు నల్లగా ఉండేవి. అలాంటి ఇళ్ళ పిల్లల కోసమని ఆ ఏడు ‘వెనుకబడిన బాలల ఊతనిధి’ అని ఒకటొచ్చింది. దాంతో ఒక పంకా వచ్చింది, రోహిణి టీచరు వచ్చింది.

పంకా సంగతెలా ఉన్నా, రోహిణి టీచరు రావడం మాత్రం పెద్ద వింత. జీడిగింజల్ని కుప్పలు పోయించి పంచిపెట్టిస్తూ రెండు నెలల్లో భాగహారం నేర్పేసింది. తవిటినాయుడు ఒకరోజు కిటికీలోంచి చూశాడు. తను పారిపోయిన లెక్క బోర్డు మీద ఉంది. దాన్ని తన కూతురు పావని, అయిదో తరగతి పిల్ల, నిలబడి, నవ్వుతూ చేస్తోంది. అతను అరగంటసేపు అక్కడే ఉండిపోయాడు. బండి దగ్గర బజ్జీలు మాడిపోయాయి.

చిక్కేమిటంటే ఆ పిల్ల పేరు నిధి జాబితాలో లేదు. ముప్పై ఒక్కమంది ఉన్నారు, పన్నెండుమంది లేరు. పావని ఆ పన్నెండులో ఉంది. సర్వే రాయడానికొచ్చిన కుర్ర ఉద్యోగి ఇంటిముందు బజ్జీల బండి చూసి ‘నాలుగు చక్రాల వాహనం కలదు’ అని రాసుకున్నాడు.

“బావూ, అది తోసుకుపోయే బండి. దానికి ఇంజనెక్కడిది?” అన్నాడు తవిటినాయుడు.

“ఇంజను గురించి ఫారంలో గడి లేదండీ. చక్రాలెన్ని?”

“నాలుగు.”

“అంతే మరి.”

అలా తవిటినాయుడు కలవారి జాబితాకెక్కాడు. అయినా దిగులు పడలేదు. ఉన్నది ఒక్క గది, ఒక్క టీచరు. జాబితాలో లేనివాళ్ళ చెవులు టీచరు పాఠాన్ని వెనక్కి పంపవు గదా అనుకున్నాడు.

పంపాలని ఆర్డరొచ్చింది.

రెండు పేజీల ఆర్డరు. లోకనాథం గారు కమిటీ ముందు చదివారు. “పదిహేడవ నిబంధన. నిధి ఫలము అనర్హులకు ఏ రూపమునను సంక్రమించరాదు. అట్లు సంక్రమించినచో లీకేజీగా పరిగణించి, నిధి తక్షణమే నిలిపివేయబడును.” అక్కడితో పేజీ అయిపోయింది. ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. మళ్ళీ ఆ కాగితం జోలికి పోలేదు. చైర్మను ప్రతిని తవిటినాయుడు ఇంటికి పట్టుకెళ్ళాడు. మొదటి పేజీని మేకుకి గుచ్చాడు. రెండో పేజీ వెనకవైపు తెల్లగా, దళసరిగా కనబడితే బజ్జీల పొట్లాల కాగితాల దొంతరలో పెట్టాడు.

“నిలిపీడం అంటే పంకా పట్టుకుపోతారేటి?” అనడిగింది దాలమ్మ. ఆమె కమిటీ సభ్యురాలు, ఫ్యాక్టరీలో జీడిగింజలు కొడుతుంది, ఇద్దరు పిల్లలూ జాబితాలో ఉన్నారు.

“పంకా ఉంటుందమ్మా. టీచరు పోతుంది,” అన్నారు లోకనాథం గారు.

తవిటినాయుడికి ఆ రోజు హాస్యం రాలేదు.

వారం తిరక్కుండా లీకేజీ నిరోధక పర్యవేక్షకులు విరూపాక్షం గారు వచ్చారు. నిలువెత్తు మనిషి, చేతిలో ఫైలు, జేబులో అగరొత్తుల కట్ట. దేవుడి ఫొటో ఎక్కడుందో చూపించబోయారు లోకనాథం గారు. విరూపాక్షం గారు వద్దని సైగచేసి, పంకా వేయించి, ఒక అగరొత్తి వెలిగించి పైకెత్తి పట్టుకున్నారు. పొగ ముందు వరస మీదుగా వెళ్ళి, మూడో వరసలో తిరిగి, పావని ముక్కు దగ్గర ఆగింది. ఆ పిల్ల తుమ్మింది.

“ఈ బాలిక జాబితాలో ఉన్నదా?”

“లేదండి.”

“అయితే ఈ గాలి ఎవరిది?”

గాలి ఎవరిదో నువ్వులగెడ్డలో అంతవరకూ ఎవరూ ఆలోచించలేదు.

“ఊతనిధి గాలి అనర్హురాలి నాసికకు సంక్రమించినట్టు నేను స్వయముగా గమనించితిని. ప్రథమ తప్పిదముగా హెచ్చరించి వదలుచున్నాను. కమిటీ వారు తగు నివారణ చర్యలు గైకొనవలెను,” అని చెప్పి, ఆయన అగరొత్తిని నేలకేసి ఆర్పి, మిగిలిన ముక్కని ఫైల్లో సాక్ష్యంగా పెట్టుకుని వెళ్ళిపోయారు.

కమిటీ కూర్చుంది. గది మధ్య తాడు కట్టి, దానికి జీడి గోనెలు కుట్టి తెరగా దించారు. ముప్పై ఒక్కమంది పంకా కింద, పన్నెండుమంది తెరకి అవతల. గాలి ఆగింది. గోనెల వాసన మాత్రం రెండువైపులా సమానంగా పంచుకున్నారు.

రెండోసారి వచ్చినప్పుడు విరూపాక్షం గారు ఎవరికీ చెప్పకుండా ఆ పన్నెండుమంది మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అవతల రోహిణి టీచరు ఎక్కం చెప్పిస్తోంది. ఆయన కళ్ళు మూసుకుని విని, లేచి నిలబడ్డారు.

“ఏడు తొమ్మిదులు అరవై మూడు. నాకు వినబడినది. ఇన్ని సంవత్సరముల సర్వీసులో నాకు ఈ ఎక్కము వచ్చియుండలేదు. ఇప్పుడు వచ్చినది. తెర మీదుగా జ్ఞానము ఏ వేగముతో కారుచున్నదో దీనిని బట్టి తెలియుచున్నది.”

“అయితే బావూ, మీ పేరు జాబితాలో ఉన్నాదేటి?” అన్నాడు తవిటినాయుడు అమాయకంగా.

విరూపాక్షం గారు ఫైలు తెరిచారు. “లేదు. కావున ఇది నా మీదుగా జరిగిన లీకేజీ. దీనిని నేను మరచిపోవుటకు ప్రయత్నించెదను,” అన్నారు. రాసుకున్నారు కూడా.

పన్నెండుమందిని వరండాలోకి మార్చి చెవుల్లో దూది పెట్టారు. దూది పెట్టినట్టు రోజూ ఉదయం చైర్మను స్వయంగా చూసి సంతకం చెయ్యాలి. కూతురి చెవిలోకి తొంగిచూసి సంతకం పెడుతున్నప్పుడు తవిటినాయుడి చెయ్యి బరువెక్కేది. ఆ పిల్ల మాత్రం, “నాన్నా, ఈ రోజు పాఠం ఏటని అడగవేటి?” అనేది. “ఏటీ వినబడ్నేదు,” అని తనే జవాబు చెప్పుకుని నవ్వేది.

ఇక మిగిలింది వీధి. సాయంకాలం తొక్కుడుబిళ్ళ ఆడుకుంటూ జాబితా పిల్లలు జాబితాలో లేనివాళ్ళకి లెక్కలు చెప్పేస్తే? ముప్పై ఒక్కమంది చేతా వేలిముద్రలతో హామీపత్రం రాయించారు: బడిలో నేర్చినది బడి గేటు దాటాక గుర్తు తెచ్చుకోము. దాలమ్మ చిన్నకొడుకు కొట్టుకెళ్ళి చిల్లర తప్పు తెచ్చాడు. అదేమిట్రా అంటే హామీ ఇచ్చానన్నాడు.

ఇంత చేసినా విరూపాక్షం గారికి నమ్మకం కుదరలేదు. మూడోసారి వచ్చినప్పుడు అసలు మాట చెప్పారు. “కంటికి కనబడు లీకేజీని ఆపితిరి. బుర్రలలోనికి పోయినదో లేదో తెలియుట ఎట్లు? కనుక పరీక్ష. బాలలందరికీ పది భాగహారములు. జాబితాలో లేని పన్నెండుగురిలో ఏ ఒక్కరు, ఏ ఒక్క లెక్క సరిగా చేసినను లీకేజీ రుజువైనట్టే. నిధి రద్దు.”

ఆయన వెళ్ళాక కమిటీ మళ్ళీ కూర్చుంది.

“అయితే మనోళ్ళు పన్నెండుమందీ తప్పాల. అంతే గదా,” అంది దాలమ్మ. “తెల్లకాగితం ఇచ్చీమందాం.”

“కుదరదమ్మా. ఖాళీ వదిలితే గైరుహాజరు కింద లెక్కట. ప్రతి లెక్కకీ జవాబు రాయాలిట,” అన్నారు లోకనాథం గారు.

“అయితే నోటికొచ్చింది రాసీమందాం.”

సరేనని మర్నాడు నమూనా పరీక్ష పెట్టారు. పన్నెండుమందీ కళ్ళు మూసుకుని అంకెలు రాశారు. ఒకటో తరగతి బుడ్డోడు, ఇంకా పదిదాకా లెక్కపెట్టడం రానివాడు, తనకిష్టమైన అంకె అని అన్నిటికీ పన్నెండు రాశాడు. ఎనభై నాలుగుని ఏడుతో భాగిస్తే పన్నెండే. లోకనాథం గారు ఆ కాగితం పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు. “ఒప్పు రాసేశాడు నాయుడూ. వీడు మనల్ని ముంచేశాడు.”

తవిటినాయుడు ఆ కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. అతని మీసం చివర కదిలింది. ఏనుగు బోర్డు కట్టినరోజు కూడా అలాగే కదిలిందిట.

“మేస్టారూ, ఒక మాట. గుడ్డిగా రాస్తే ఒప్పు తగిలీడానికి దారుంది. తప్పు కచ్చితంగా రాయాలంటే ఏటి తెలియాల?”

“ఏమిటి?”

“ఒప్పు తెలియాల. పన్నెండని తెలిసినోడే పన్నెండు రాయకుండా ఉండగలడు. మరి ఆ ఒప్పు ఆళ్ళకి ఎవరు నేర్పాల?”

లోకనాథం గారు నోరు తెరిచారు. దాలమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ రోజే అర్జీ వెళ్ళింది. జాబితాలో లేని పన్నెండుమందికి లీకేజీ రుజువు కాకుండా ఉండేందుకు, పొరపాటున కూడా ఒప్పు జవాబు రాయకుండా ఉండేందుకు, తప్పుల్లో తగు శిక్షణ ఇప్పించవలసిందిగా కోరుతూ. నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. ‘కమిటీ వారి ముందుచూపు ప్రశంసనీయము. అనర్హ బాలలకు దోషార్జన శిక్షణ తప్పనిసరి చేయడమైనది. ఇది లీకేజీ నిరోధక చర్య అగుటచే, దీనిని లీకేజీగా పరిగణించరాదు. ఈ శిక్షణను నిధి అమలులో ఉన్నంతకాలము కొనసాగించవలెను.’

దూదులు తీసేశారు. గోనె తెర విప్పారు. రోహిణి టీచరు పన్నెండుమందినీ పంకా కింద కూర్చోబెట్టి భాగహారం మొదటి నుంచీ చెప్పింది, ఒకటికి నాలుగుసార్లు. బాగా వచ్చాక, చివర్లో తప్పెలా చెయ్యాలో చెప్పింది: వచ్చిన జవాబుకి ఒకటి కలపండి. ఒకటో తరగతి బుడ్డోడికి కూడా జీడిగింజలు పంచి, ఒక గింజ ఎక్కువ లెక్కపెట్టడం నేర్పింది. తవిటినాయుడు రోజూ కిటికీ దగ్గర నిలబడి, రాబోయే పరీక్ష రోజు ఆనందాన్ని ముందే నమిలేశాడు. బజ్జీలు కొనడానికి వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట: “మావోళ్ళు పన్నెండుమందికీ సున్నా, జాబితావోళ్ళు ముప్పై ఒక్కమందికీ నూటికి నూరు. ఆ పెద్దాయన్ని నిలబెట్టి బోల్తా కొట్టిస్తాను, సూస్తండండి.”

పరీక్ష రోజు విరూపాక్షం గారు స్వయంగా కాపలా కాశారు, స్వయంగా దిద్దారు. ముందు పన్నెండు కాగితాలు. ఎర్రపెన్ను అడ్డంగా నడుస్తూనే ఉంది. నూట ఇరవై జవాబులు, నూట ఇరవై తప్పులు.

“అద్భుతము,” అన్నారాయన. “ఒక్క ఒప్పు లేదు. పైగా తప్పులన్నీ ఒకే తీరున ఉన్నవి. తప్పు చేయుటలో ఇంతటి క్రమశిక్షణ నేనెక్కడను చూడలేదు. లీకేజీ శూన్యము.”

తవిటినాయుడు లోకనాథం గారి పక్కటెముకల్లో మోచేత్తో పొడిచాడు. ఇప్పుడు చూడండి అన్నట్టు మీసం సవరించుకున్నాడు.

ముప్పై ఒక్క కాగితాలు బల్లమీదికొచ్చాయి. ఎర్రపెన్ను మళ్ళీ నడిచింది. అడ్డంగా. మొదటి కాగితం, పదో కాగితం, ఇరవయ్యో కాగితం, ఎక్కడా నిలువుగీత పడలేదు. తవిటినాయుడి మీసం మీద చెయ్యి అక్కడే ఉండిపోయింది. దాలమ్మ పిల్లలవి కూడా సున్నాలే. మొన్న ఆదివారం జీడి పిక్కలు తొమ్మిదిమందికి పంచిపెట్టి చూపించిన పిల్లలు.

“ముప్పై ఒక్కమందికీ సున్నా,” అన్నారు విరూపాక్షం గారు.

లోకనాథం గారు గోడకి ఆనుకున్నారు. రోహిణి టీచరు కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. తవిటినాయుడు మీసం మీంచి చెయ్యి దించాడు. ఇన్నాళ్ళ పనీ పోయింది, పిల్ల చదువు పోయింది, ఈ ఆడకూతురి ఉద్యోగమూ పోయింది, ఇదంతా తన వేళాకోళం వల్లనే. పన్నెండుమందికి నేర్పిన తప్పులు ఈ ముప్పై ఒక్కమందికీ కారి ఉంటాయి, అదీ లీకేజీయే. అతను చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. జీవితంలో మొదటిసారి నిజం చెప్పబోయాడు.

“అయ్యా, తప్పు నాది. టీచరమ్మది కాదు. పిల్లలకి లెక్కలొచ్చు, నాను...”

“ఊరుకోవయ్యా చైర్మనూ,” అన్నారు విరూపాక్షం గారు. ఆయన లేచి అతని చెయ్యి పట్టుకుని ఊపారు. “నా అభినందనలు. పద్దెనిమిదవ నిబంధనను ఇంత నిష్ఠగా పాటించిన కమిటీ మరొకటి లేదు.”

“పద్దెనిమిదా?”

“అదే. నిధి పొందుచున్న బాలలు పురోగతి సాధించినచో వారు వెనుకబడినవారు కాకపోవుదురు. కాకపోయినవారికి నిధి లేదు. చుట్టుపక్కల తొమ్మిది బడులలో బాలలు తెలివితక్కువగా ఒప్పులు వ్రాసి నిధి పోగొట్టుకొనిరి. మీ వారు చెక్కుచెదరలేదు. మూడు సంవత్సరములు పొడిగించుచున్నాను. టీచరు ఉండును, దోషార్జన శిక్షణ ఉండును, పర్యవేక్షణకై నేనునూ ఉండెదను. మరొక విశేషము గమనించితిరా? ఈ పన్నెండుగురి తప్పులును, ఆ ముప్పది యొక్కరి తప్పులును ఒక్క లెక్కలోనైనను కలియలేదు. ఇటు నుండి అటు కూడ లీకేజీ లేదు.”

ఆయన ఆ బడిని ఆదర్శ పాఠశాలగా రాసుకుని, దారిలో తినడానికి ఎనిమిది బజ్జీలు కట్టించుకుని వెళ్ళిపోయారు.

సాయంకాలం ఫ్యాక్టరీ గేటు దగ్గర తవిటినాయుడు నూనె కాగకుండానే పిండి జారవిడుస్తున్నాడు. పక్కన పీటమీద కూర్చుని పావని పొట్లాలు మడుస్తోంది.

“అది ఎలగ జరిగిందో నాకు తెలీడం లేదే,” అన్నాడు. “పద్దెనిమిది సంగతి నాకే తెలీదు. మేస్టారికీ తెలీదు. పిల్లలకి ఎలగ తెలిసిందంటావు?”

పావని దొంతర అడుగునుంచి ఒక కాగితం లాగి ఇచ్చింది. రెండో పేజీ. సగం చింపి ఉంది, మీద నూనె మరక, పైన లావుగా పద్దెనిమిది.

“నానేది మడిచినా సదివే మడుస్తాను నాన్నా. నువ్వు దీన్లో ఎవరికో బజ్జీలు కట్టీబోతే లాక్కున్నాను.”

తవిటినాయుడు గరిట పక్కన పెట్టాడు.

“ముప్పై ఒక్కమందికీ నువ్వే సెప్పినావేటి?”

“తొక్కుడుబిళ్ళకాడ సెప్పినాను. మనోళ్ళు ఒకటి కలుపుతారు, మీరు ఒకటి తీసీండి అని. అందరివీ ఒకేలాగుంటే ఆయన లీకేజీ అనడేటి.”

“మరి రోహిణి టీచరమ్మ? కిటికీకాడ ఏడ్సింది గదే.”

“నవ్వింది. ఆపుకోలేక అటు తిరిగింది. టీచరుకి ముందే తెలుసు. దాలమ్మత్తకీ తెలుసు. ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు.”

“నాకెందుకు సెప్పలేదే?”

“నీకు సెప్తే బజ్జీకొక్కరికి సెప్పీసేవోడివి.”

తవిటినాయుడు ఆ నూనె మరక కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. యాభై ఏళ్ళలో ఎవరూ చెయ్యని పని పదేళ్ళ పిల్ల చేసింది. కోపం రావాలి గదా అని చూశాడు. రాలేదు. మీసం చివర కదలడం మొదలెట్టింది.

“అయితే మొత్తం ఎంతమందిని బోల్తా కొట్టించినావు? లెక్క సెప్పు.”

పావని వేళ్ళు ముడిచింది. “ఇరూపాచ్చం గారొకరు. మేస్టారొకరు. నువ్వొకడివి. ముగ్గురు.” ఇంకో వేలు కూడా ముడిచింది. “బడి లెక్క ప్రకారం ఒకటి కలపాల. నలుగురు.”

“నాలుగోవాడెవడే?”

ఆ పిల్ల పొట్లాలు పక్కకి జరిపి, ఇందాకటినుంచీ మూడు వేళ్ళు ముడుచుకుని, బజ్జీలు నావేనని చెయ్యి చాపి నిలబడ్డ నీ వైపు చూసి నవ్వింది.